పెట్టుడు కాళ్ళ ఆర్డరు

పెట్టుడు కాళ్ళు చేసే ఆవిడ తన పనిగదిలో ఒక చెక్కపాదాన్ని ఆకురాయితో నున్నగా రాస్తోంది. రక్షణశాఖలో పెద్ద ఉద్యోగం చేస్తున్న తమ్ముడు, చాలా రోజుల తర్వాత వచ్చి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

“దాన్ని శాంతి అంటావేంట్రా?”

“మరేమంటారక్కా? సరిహద్దు వెంబడి మందుపాతరలు పాతి పన్నెండేళ్ళయింది. అటువైపు సైనికుడు ఒక్కడూ ఇటు అడుగు పెట్టలేదు. బలముంటేనే భయం, భయముంటేనే శాంతి.”

“బాగా బట్టీ పట్టావు. మీటింగులో చెప్పావా ఇది?”

“చెప్పాను. చప్పట్లు కొట్టారు.”

“కొట్టరూ మరి. కాళ్ళూ చేతులూ సరిగ్గా ఉన్నవాళ్ళు. సరే, అటువైపు వాడు ఒక్కడైనా తొక్కాడా?”

“తొక్కలేదు. అదే కదా మన విజయం.”

“మరి ఆ గోడకి వేలాడే అచ్చులన్నీ ఎవరి కాళ్ళవిరా?”

“అవి... వానలకి కొన్ని మందుపాతరలు ఇటు కొట్టుకొచ్చాయి. పొరపాట్లు.”

“ఇది గొర్రెలు కాసేవాడి పొరపాటు. ఇది కట్టెలకెళ్ళిన కొత్త కోడలి పొరపాటు. ఆ పెద్దది మీ సిపాయిదే. తనే పాతి, ఎక్కడ పాతాడో మర్చిపోయాడు.”

“వెటకారం ఆపు. వాళ్ళు మనకి రెట్టింపు పాతారు, తెలుసా?”

“ఎప్పుడు?”

“మనం పాతాక.”

“ఆహా. ఇప్పుడేం చేస్తారు?”

“ఇంకో వరుస పాతుతాం.”

“అప్పుడు వాళ్ళు?”

“అక్కా, ఇవి నీకు అర్థమయ్యే విషయాలు కావు.”

“నిజమేలే. నాకు తెలిసిందల్లా మోకాలి కిందే. ఇంత దూరం ఎందుకొచ్చావో చెప్పు.”

తమ్ముడు సంచిలోంచి కాగితాలు తీసి ఇచ్చాడు. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని చదివింది.

“రెండొందల కాళ్ళా? ఇంతమందికి ఏమైందిరా? నాకు కబురే రాలేదే.”

“ఏం కాలేదు.”

“ఏం కాకపోతే కాళ్ళెందుకు?”

“పాతడం వచ్చే నెల మొదలు. ముందుచూపు ఉండాలని పైవాళ్ళు...”

“ఎవరు తొక్కుతారో తెలుసన్నమాట.”

“పేర్లు తెలియవు. అంచనా ఉంది.”

“ఈ చివరి అరవై ఇంత చిన్నవేంటి?”

“కొత్త వరుస బడి వెనకనుంచి పోతుంది.”

“బడి వెనకనుంచి.”

“అవును.”

“నేను చెయ్యను.”

“చెయ్యకు. పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నీ గుమ్మంలోకి వచ్చినప్పుడు చెప్పు, ఆ మాట.”

ఆవిడ తమ్ముడి మొహం వంక అసహ్యంగా చూసి, కాగితం మీద కొలతలు మళ్ళీ మొదటినుంచి చదువుకుంది.

“పిల్లలు పెరుగుతార్రా. ఏడాదికో కాలు మార్చాలి. మీలో ఒక్కడికైనా ఆ సంగతి తట్టిందా?”

“రెండో పేజీ చూడక్కా.”