రంగూను వెళ్ళొచ్చిన రెండడుగుల ఓడ

రాజోలు కాలవగట్టు మీద నాగసతీష్ టీ కొట్లో పాపారావు నోరు విప్పేడంటే, పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ చూడరు. ఆ పొద్దున మరీను. ఎదురు బల్ల మీద సాలమోను మాష్టారు తెల్లకాగితమూ ఇంకుపెన్నూ పట్టుకుని కూర్చున్నారు. ఆయన ఒకప్పటి హెడ్మాస్టరు, ఇప్పుడు ఊరి గ్రంథాలయానికి పెద్ద. పాపారావు చేసిన పాతకాలపు తెరచాప ఓడని గ్రంథాలయంలో అద్దాలపెట్టెలో పెడుతున్నారు. పెట్టె కింద ఇత్తడిరేకు మీద ఏం చెక్కించాలో రాసుకుని పోదామని మాష్టారు వచ్చారు.

ఆ రేకు గురించే పాపారావుకి మూడు వారాలుగా అన్నం సయించడం లేదు. ఆయన ముత్తాత కోరంగి రేవులో ఓడలు కట్టిన వడ్రంగి. ఆయన కట్టిన ‘ముత్యాలమ్మ’ రంగూను దాకా వెళ్ళొచ్చేదట. ఆ ఓడ బొమ్మ కొలతలతో సహా గీసిన కాగితం ఒకటి ఇంట్లో ట్రంకుపెట్టెలో మిగిలింది. కాగితం మీద ఓడ యజమాని పేరుంది, నడిపిన సరంగు పేరుంది, ఆఖరికి తెరచాప గుడ్డ అమ్మిన షావుకారు పేరు కూడా ఉంది. ముత్తాత పేరు మాత్రం ఎక్కడా లేదు. అందుకని ఈసారి రేకు మీద పేరుండాలి, ఆ పేరు ఒక్కటే ఉండాలి, దూరం నించి కూడా కనబడాలి. ఇదీ పాపారావు పట్టుదల.

“రాసుకోండి మాష్టారూ. అడుగుకి పావంగుళం లెక్కండి. అసలు ఓడ తొంభై ఆరడుగులు, నాది రెండడుగులు. పాత టేకు తలుపు కోసి పదకొండు వందల నలభై పలకలు తీసేను, ఒక్కోటీ అగ్గిపుల్ల కంటే సన్నం. ఇనప మేకు ఒక్కటి లేదు, అన్నీ వెదురు చీలలే. సందుల్లో నూలు కూరి గుగ్గిలం పూసేను, మా వాళ్ళు కోరంగిలో పూసినట్టే. తెరచాపలేమో బండార్లంక నేతపంచె.”

“ఇదంతా నిజమేనండి మాష్టారూ, నేను చూసేను,” అన్నాడు నాగసతీష్ గ్లాసులు కడుగుతూ.

“మరి తాళ్ళో?” అన్నారు మాష్టారు. “వెంట్రుకల్లా ఉన్నాయి. అవెవరు పేనేరండి?”

బల్ల చివర వీరదుర్గ కూర్చుని ఉంది. కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో తాళ్ళు పేనే మనిషి. పనికి వెళ్తూ రోజూ అక్కడ టీ తాగుతుంది. పాపారావు అటు చూడలేదు.

“తాళ్ళదేముందండీ. పీచుంటే తాళ్ళు అవే వస్తాయి. మొత్తం ఓడంతా ఈ రెండు చేతులేనండి.”

వీరదుర్గ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టింది.

“కానీండి,” అన్నాడు పాపారావు, మాష్టారు ఇంకో ప్రశ్న వెయ్యకుండా, “మా ముత్తాత ఒక మాటనేవారట. చుక్కాని ఎక్కేదాకా అది ఓడ కాదు, కర్ర. చుక్కాని ఎక్కిందా, ఇంక అది మన మాట వినదు. నాదీ అంతేనండి. పూర్తయిన మర్నాడే చీమలొచ్చేయి. మామూలు చీమలైతే ఎక్కడపడితే అక్కడ పాకుతాయి కదా. ఇవి నిచ్చెన ఎక్కి, వరసలో, తలో పంచదార పలుకూ నెత్తిన పెట్టుకొచ్చి, ఓడ అడుగున సరుకు దింపి, రెండో పక్కనించి ఖాళీగా దిగేయి. అచ్చం ఓడ కలాసీలే. ఒక గండుచీమ పైన నించుని అజమాయిషీ.”

“సరంగాండీ?” అన్నాడు నాగసతీష్.

“ఆయ్, సరంగే. పోనీలే, గాలికి పోతాయని ఫేను వేసేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడు కొయ్యల మీదా తెరచాపలు పొంగి, ఓడ కింద బల్లతో సహా వీధిగడప దాకా వచ్చేసింది. మా ఆవిడ వెంకటరమణమ్మ చీపురు అడ్డం పెట్టింది గనక సరిపోయింది. అప్పుడనుకున్నాను, దీన్ని ఇంట్లో కట్టేసి ఉంచడం పాపం అని. మొన్న శుక్రవారం పొద్దున్నే కాలవలో దింపేను. ఊరికే, తేలుతుందో లేదో చూద్దామని. వెనక్కి తిరిగి చెప్పులు విడిచేనండి, అంతే. చూసేసరికి లాకులు దాటేసింది.”

“లాకులు మూసే ఉన్నాయి కదండీ శుక్రవారం?” అన్నాడు నాగసతీష్.

“మూసే ఉన్నాయి. దాన్ని చూసి తెరిచేరు. నేను గట్టు మీద మోపెడ్ వేసుకుని వెనకాలే. వశిష్ఠ గోదారిలో పడింది. చించినాడ వంతెన వచ్చింది. ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? మూడు కొయ్యలూ వెనక్కి వాల్చి, తల వంచుకుని వంతెన కిందనించి వెళ్ళింది.”

“రెండడుగుల ఓడ తల వంచడం ఎందుకండీ, పైన ఏనుగు మీద ఏనుగు పట్టేంత ఉంటేను?” అన్నాడు నాగసతీష్.

“అలవాటండి. ఎంతైనా తొంభై ఆరడుగుల ఓడ బుద్ధి ఎక్కడికి పోతుంది?”

మాష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు దాచుకోవడానికి ఆయనకి అదొక్కటే దారి.

“అంతర్వేది దగ్గర గోదారి సముద్రంలో కలిసేచోట ఇసకమేటలుంటాయి కదండీ, మరబోట్లే తడుముకుంటాయి. ఇదేం చేసిందనుకున్నారు? చుక్కాని దానంతటదే కుడికి తిరిగింది, ఎడమకి తిరిగింది, మళ్ళీ కుడికి. మేటల మధ్యనించి నీరుకట్టె జారినట్టు జారిపోయింది. చుక్కాని తిరగడం ఈ కళ్ళతో చూసేనండి.”

వీరదుర్గ తలెత్తింది.

“బుధవారం పొద్దున్నకి మా రేవు మెట్ల దగ్గర ఉంది. అడుగంతా నత్తగుల్లలు పట్టేసి, కొయ్యలకి ఉప్పు పేరుకుని. లోపల చూద్దును కదా, బియ్యం బస్తాలు. ఒక్కో బస్తా ఆవగింజంత. మూతి కుట్టేసి ఉంది, కుట్టు కూడా బర్మా కుట్టే. రంగూను రేవు నించి చీటీ ఒకటి కట్టి పంపేరు. అక్కడ తొంభై ఏళ్ళ ముసలాయన ఒకాయన, మన వైపు నించి వెళ్ళినోళ్ళ మనవడట, తెలుగులోనే రాసేడు. ‘ముత్యాలమ్మని చూడగానే గుర్తుపట్టేమండి. నూట యాభై ఏళ్ళు నీళ్ళలో నానీ నానీ, పాపం, ఉతికిన బట్టలా కుంచించుకుపోయింది’ అని.”

కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వేశారు. పాపారావు నవ్వలేదు. మీసం మీద టీ నురగ తుడుచుకుని, “మరి రాయండి మాష్టారూ,” అన్నాడు.

మాష్టారు చదువుతూ రాశారు. “‘ముత్యాలమ్మ. కోరంగి రేవులో కట్టిన మూడు కొయ్యల ఓడకి సరైన కొలతల నమూనా. చేసినవారు పాపారావు.’ చుక్క పెట్టెయ్యమంటారా?”

“పెట్టెయ్యండి.”

“ఒక్క మాటండి బాబాయ్ గారూ,” అంది వీరదుర్గ. “ఓడ వెళ్ళింది మొన్న శుక్రవారమేనా?”

“ఆయ్.”

“అంతర్వేది దగ్గర చుక్కాని తిరిగింది?”

“చెప్పేను కదమ్మాయ్, మూడుసార్లు.”

ఆమె సంచిలోంచి గుడ్డమూట తీసి, ముడి విప్పి బల్ల మీద పెట్టింది. లోపల బొటనవేలంత టేకుముక్క, ఒక పక్క వంపు, పైన పిడి. పిడికి సన్నటి పీచుతాడు మూడు చుట్లు చుట్టి ఉంది.

“పోయిన నెలాఖర్న మీరే ఇచ్చేరండి, తాడు ఎక్కించి తెమ్మని. అప్పట్నించీ నా సంచిలోనే ఉంది. చుక్కాని ఎక్కేదాకా అది ఓడ కాదు, కర్ర. మాట మీదేనండి.”

 మాష్టారి పెన్ను చుక్క పెట్టబోయి ఆగింది. నాగసతీష్ పొయ్యి తగ్గించాడు.

పాపారావు ఆ చుక్కాని వైపే చూస్తున్నాడు. ఆయనకి కనిపిస్తున్నది చుక్కాని కాదు, దాని మీద తాడు. మూడు పోగులు కలిపి పేనితే వెంట్రుక లావు. పచ్చిపీచు వారాల తరబడి నానబెట్టి, మెత్తటి పోగు ఏరి, ఫ్యాక్టరీ నించి వచ్చాక తొడ మీద పేని, రెండేళ్ళలో ఓడకి మూడు వందల పన్నెండు తాళ్ళు ఇచ్చింది ఈ మనిషి. కొయ్య మీద ఏ తాడు ఎంత బిగువుండాలో ఒకటికి రెండుసార్లు దిద్దింది కూడా ఈమే. అలాంటి చెయ్యి కోనసీమలో ఇంకోటి లేదని ఆయనకి తెలుసు. ఎవరితోనూ అనలేదు. ట్రంకుపెట్టెలో కాగితం గుర్తొచ్చింది. ఆ యజమానీ, ఆ సరంగూ కూడా ఎక్కడో ఇలా కూర్చుని అనే ఉంటారు, కర్ర ఉంటే ఓడ అదే వస్తుందని.

మాష్టారి వైపు తిరిగాడు.

“ఏవండీ, ఓడ వెళ్ళొచ్చిందన్నానా లేదా? అన్నాను. వెళ్ళొచ్చింది. చుక్కాని లేకుండానే వెళ్ళొచ్చింది. అసలు గొప్పంతా అక్కడే ఉందండి, మీరు అడగలేదు గనక చెప్పలేదు. చుక్కాని లేని ఓడ రంగూను దాకా ఎలా పోయిందనుకున్నారు? తాళ్ళండి. ఒక్కో తాడూ గాలి ఎటు తిరిగితే అటు తెరచాపని లాగింది. బంగాళాఖాతంలో తుపాను వచ్చి కొయ్యలు ఊగిపోయేయి గానీ మూడు వందల పన్నెండు తాళ్ళలో ఒక్క పోగు తెగలేదు. రంగూను రేవులో ఓడనెవడూ చూళ్ళేదండి, తాళ్ళనే చూసేరు. ఆ చీటీ చివర ఏం రాసుందో తెలుసా?”

“ఏం రాసుందండీ?” అన్నారు మాష్టారు మెల్లిగా.

“‘ఈ తాళ్ళు పేనినావిడ పేరు మీ ఓడ మీద లేదేంటండీ’ అని రాసుంది.” పాపారావు కాగితం వైపు వేలు చూపించాడు. “చుక్క పెట్టకండి. నా పేరు పక్కన వీరదుర్గ అని రాయండి. నా అక్షరాల సైజులోనే.”

మాష్టారు రాశారు. వీరదుర్గ లేచి వచ్చి, వంగి ఒక్కో అక్షరం చదువుకుంది.

“ఇంక ఆ చుక్కాని ఇలా తే అమ్మాయ్,” అన్నాడు పాపారావు చెయ్యి చాపి. “కర్రని ఓడ చేద్దాం.”

ఆమె చుక్కానిని మళ్ళీ గుడ్డలో చుట్టి, ముడి వేసి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“సిరా ఆరనివ్వండి బాబాయ్ గారూ,” అంది.