తీర్మానంలో మామగారి పేరు

నరిన్ లోయలో గ్రామ మండలి సమావేశం ముగియగానే, సభ్యురాలైన కోడలు బూట్లతోనే అత్తగారి గదిలోకి వచ్చేసింది.

"అత్తయ్యా, మన వీధికి నీళ్ల పైపు వస్తోంది. పదకొండులో ఏడు చేతులు లేచాయి."

"స్టేడియం గోడ కావాలన్నవాళ్లు ఊరుకున్నారా?"

"ఈ ఏడాది బడ్జెట్‌లో ఒక్కదానికే చోటుంది. గోడ ఓడిపోయింది."

"తీర్మానం ఎవరు చదివారే?"

"నేనే. తెచ్చినవాళ్లే చదవాలి."

"అందులో వీధి పేరుంటుందిగా. మీ మామగారి పేరు."

"'పెద్దాయన వీధి' అని చదివాను. అలాంటి వీధి కాగితాల్లో లేదు, పేరు చెప్పకపోతే ఓటింగే లేదన్నాడు అధ్యక్షుడు."

"కోడలు మామ పేరు పలకదని వాడికి తెలీదా?"

"తెలుసు కాబట్టే నవ్వుతూ కూర్చున్నాడు. ఇక పలికేశాను అత్తయ్యా. కల్మూర్జా వీధి అని. తిడితే తిట్టండి."

"ఎంత గట్టిగా అన్నావు?"

"వెనక బెంచీల దాకా."

అత్తగారు టీ గిన్నె కింద పెట్టింది.

"నలభై ఏళ్లు ఏటి నుంచి నీళ్లు మోశాను. ఆయన పోయేదాకా, పోయాక కూడా ఆ పేరు నా నోట రాలేదు. కొళాయి తిప్పే రోజు నువ్వు నా పక్కనే ఉండు. నేనూ ఒక్కసారి పిలుస్తాను."