చెంపదెబ్బ లేని సినిమా

"ఎవల మనోభావాలు దెబ్బతినకుండ చూసెతందుకు నన్ను పిల్సిన్రు సైదులూ. నవ్వుల సినిమా గదా, ఎవలను ఎట్ల సూపెట్టిన్రో జర చూసి చెప్పు భిక్షపతన్నా అని డైరెక్టరే ఇంటికి కారు పంపిండు."

ఆటో నడిపే భిక్షపతి అప్పుడప్పుడు షూటింగులకు పోయి గుంపులో నిలబడి వస్తుంటాడు. సాయంత్రం గడ్డిఅన్నారంలో సైదులు చాయ్ బండి దగ్గర ఆగాడంటే ఇక ఆయన నోటికి బ్రేకులుండవు.

"నీ బిడ్డ సౌజన్య ఇయ్యాల గా సినిమాకే పోయిందట గదనే, కాలేజీ దోస్తులతోటి?" చాయ్ వడకడుతూ అడిగాడు సైదులు.

"పోనియ్. దోస్తుల ముంగట నా బిడ్డ తల దించుకునే ముచ్చట ఒక్కటి లేకుండ జేసిన. విను. చిన్న హాలు. డైరెక్టరు, నేను, అంతే. బొమ్మ మొదలైంది. మన యాస మాట్లాడేటోడు ఎవడు? తాగుబోతు డ్రైవరు. పనిమనిషికి నల్లరంగు పూసిన్రు. వాచ్‌మన్‌కు నత్తి పెట్టిన్రు. దెబ్బలు తినేటోళ్లంత పేదోళ్లే. తెలివిగల్లోళ్లది మాత్రం మీ దిక్కు భాష, త్రినాథరావు సార్, ఏమనుకోకున్రి."

"అనుకోనులెండి, కానివ్వండి," అన్నాడు ఆటోకు చేయి ఆనించి నిలబడ్డ త్రినాథరావు. ఆయనది భీమవరం పక్క, ఇప్పుడు ఉండేది చంపాపేట్‌లో.

"హీరో ఆ డ్రైవరును చెంప మీద కొట్టిండు. హాలంత నవ్వు. ఆపున్రి అన్న. బొమ్మ ఆగింది. నవ్వు ఆగలే. తిరిగి చూస్తే కుర్చీలన్ని ఖాళీ. జర సోంచాయించు, మనిషి లేడు, నవ్వేది మాత్రం మా ఊరోళ్ల గొంతులు. సచ్చిపోయిన మా పెద్దమ్మ గొంతు సుత ఉన్నది అండ్ల. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

సైదులు చేతిలో చాయ్ ఆగిపోయింది. అప్పుడే సౌజన్య మెట్రో వైపు నుంచి నడిచొచ్చి ఆటో పక్కన నిలబడింది. భిక్షపతి బిడ్డను చూశాడు, గొంతు ఇంకాస్త పెంచాడు.

"ఆగిన బొమ్మల ఆ డ్రైవరు మెల్లగ మెడ తిప్పిండు. నా దిక్కే. చెంప పట్టుకొని, అన్నా, నాకు పేరు సుత పెట్టలే అన్నడు. పనిమనిషి చీపురు కింద పెట్టింది. వాచ్‌మన్ టోపీ తీసిండు. ఒక్కొక్కలు తెర మీదినుంచి దిగిన్రు, చప్పుడు లేదు, వచ్చి నా పక్కపొంటి కూసున్నరు. చేతులు పట్టుకుంటె ఐసుగడ్డలు. తెర మీద హీరో ఒక్కడే, లేపిన చెయ్యి లేపినట్లే. కొట్టెతందుకు ఎవలు లేరు. ఆ చెయ్యి గాలిల దేవులాడి దేవులాడి ఆఖరికి వాని చెంప మీదనే పడ్డది."

"అయితే ఆ దెబ్బ తీసేశారంటారు," అన్నాడు త్రినాథరావు.

"డైరెక్టరు నా కాళ్ల మీద పడి తీసేసిండు. గని వాళ్లు వాపస్ తెరల పోలే. ఎల్బీ నగర్ దాటి మీర్‌పేట్ దాంక నా ఆటోలనే వచ్చిన్రు. అద్దంల చూస్తే సీటు ఖాళీ. బరువు మాత్రం ఉన్నది, బండి గుంజలే. ఇయ్యాలటికి దిగలే, అండ్లనే ఉన్నరు."

త్రినాథరావు ఆటో మీది చేయి తీసేశాడు.

సౌజన్య ముందుకొచ్చింది. "నాయినా, దెబ్బ ఉన్నది."

"ఉండదు బిడ్డా, నేను తీసేపిచ్చిన గద."

"ఉన్నది. తిన్నది నువ్వే."

"నీ దోస్తులు గుర్తుపట్టిన్రా?" అన్నాడు భిక్షపతి.

"వాళ్లెవలు పట్టలే. ముందుగాల నేను సుత పట్టలే. అందరితోటి కలిసి నవ్విన నాయినా."