తక్కెడమ్మ ఆరు వారాల బడి

అవమానమేంటే పిచ్చిదానా? ఇలా వచ్చి కూర్చో, ఆ సంచీ పక్కన పెట్టు. బాలింతల్నీ పసిగుడ్డుల్నీ చూసుకునే పని మీద ఆరు నెలల శిక్షణ, రమ్మని నీకు కాగితం వచ్చింది. దానికి మొహం మాడ్చుకోవడం దేనికి? ‘మూడేళ్ళు నర్సుగా చేశాను తాతా, నాకేం రాదనా వీళ్ళ ఉద్దేశం’ అంటావు. నీవి మూడేళ్ళే. ఇరవై రెండేళ్ళు చేసినావిడ ఇదే మాట అనగా ఈ చెవులతో విన్నాను. అచ్చు నీలాగే, ముక్కుపుటాలు ఎగరేసి మరీ. ఎవరంటే మా పెద్ద సిస్టరు, ప్రసూతి వార్డు మొత్తం ఆవిడ చేతికింద ఉండేది. ఆవిడ సంగతి చెప్పాలంటే ముందు తక్కెడమ్మ సంగతి చెప్పాలి. మీ నానమ్మ ఉండుంటే నాకంటే బాగా చెప్పేది, తక్కెడమ్మ నడక నడిచి చూపించేది కూడా. పొట్టిమనిషి, రెండడుగులు నడక, మూడో అడుగు పరుగు. వచ్చిన రోజున చంకలో ఒక తక్కెడ. కూరగాయల కొట్లో వేలాడదీస్తారు చూడు, కింద కొక్కెం ఉంటుందీ, ఆ రకం. గేటు దగ్గర వాచ్‌మన్ ‘ఉల్లిపాయలు ఇక్కడ కొనరమ్మా’ అన్నాట్ట. ‘అమ్మడానికి కాదయ్యా, తూచడానికొచ్చాను’ అందిట. అంతే, సాయంత్రానికల్లా ఆవిడ అసలు పేరు ఆసుపత్రిలో ఎవరికీ గుర్తు లేదు.

నేనప్పుడు ఆసుపత్రి లాండ్రీలో ఉండేవాణ్ణి. లాండ్రీ నేలమాళిగలో. పైన మూడంతస్తుల్లో ఏం జరిగినా చివరికి మూటగట్టుకుని మా దగ్గరికే దిగేది. నర్సులకి బాలింతల పని నేర్పే బడి పెడతానని వచ్చింది తక్కెడమ్మ, ఆ బడికి పైన గది ఇవ్వలేదు, మా పక్కనున్న సామాన్ల గది ఇచ్చారు, విరిగిన మంచాలన్నీ ఒక గోడకి తోసేసి. పద్నాలుగు మంది నర్సులు, ఆరు వారాలు, వారానికి ఆరు రోజులు, రోజుకి రెండు గంటలు. వేసుకో, డెబ్బై రెండు గంటలు. పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు, ‘ఆరు వారాలయ్యాక చూస్తాను. దీనివల్ల ఒరిగిందేమీ లేదంటే గదికి తాళం’ అని. ఆవిడ నవ్వి ఊరుకుంది గానీ, నవ్వెంత, ఇంత. దీనికోసం మూడు ఊళ్ళు తిరిగి, మూడు చోట్లా వద్దనిపించుకుని వచ్చిందని తర్వాత తెలిసింది. ఇంకెక్కడికీ పోయే దారి లేదు. ఆఁ, బొమ్మ సంగతి మర్చిపోయాను. పుట్టగానే పిల్లని ఎలా తుడవాలి, తల్లి గుండెల మీద ఎలా పెట్టాలి నేర్పడానికి ఒక బొమ్మ కావాలంది. పాత దుప్పటి చింపి, ఇసక పోసి నేనే కుట్టాను. రెండు కిలోల ఆరు వందలు ఉండాలి, మెడ నిలవకూడదు, అదీ ఆవిడ షరతు. కుట్టడం అవ్వక ఇంటికి తెచ్చాను. మీ నానమ్మ తలుపు తీసి, నా చంకలో దాన్ని చూసి, ‘ఎవరి బిడ్డ?’ అంది. కాసేపు అన్నం పెట్టలేదులే.

ఏమంటున్నానూ... రంగునీళ్ళు. మొదటిరోజే ఆవిడ ఎనిమిది పక్కగుడ్డలు పరిచి, ఒక్కోదాని మీద ఒక్కో కొలత ఎర్రనీళ్ళు పోసింది. ‘ఇది బాలింతకి పోయిన రక్తం అనుకోండి. ఎంతో చూసి రాయండి’ అంది. పద్నాలుగు మందీ రాశారు. పెద్ద సిస్టరు ఎంత తలపండిన మనిషి, ఆవిడా తలుపు దగ్గర నిలబడే ఆఖరి గుడ్డకి ఓ చీటీ మీద రాసి విసిరింది, మూడు వందలు అని. తక్కెడకి తగిలించి, పొడి గుడ్డ బరువు తీసేస్తే ఏడు వందల యాభై. అందరి చీటీలూ అంతే, సగానికి సగం తక్కువ. పెద్ద సిస్టరు మొహం చూడాలి! ‘రంగునీళ్ళు వేరు, రక్తం వేరు. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా, నాకేం రాదనా?’ అంది. అదీ నీ మాట. ఈలోగా ఆ గుడ్డలు ఉతకడానికి తీస్తూ నేను నాలో నేను గొణుక్కుంటున్నాను, ‘ఇది మూడు వందలు, ఇది అరకిలో’ అని. మా యంత్రంలో ఇరవై కిలోలు దాటి వేస్తే ఆగిపోయేది తల్లీ, అందుకని మా చేతులే తక్కెళ్ళు. ఆవిడ వింది. ‘అన్నా, ఒక్కసారి ఇటు రండి. మిగిలినవీ చెప్పండి’ అంది. ఎనిమిదింట్లో ఏడు చెప్పాను, యాభై గ్రాములు అటూ ఇటూగా. నర్సులు చప్పట్లు. నాకేమో చెమట. ‘రేపట్నుంచి మీరూ క్లాసుకి రావాలి’ అంది. ఇంటికొచ్చి చెబితే మీ నానమ్మ, ‘ఉతికేవాడు పంతులయ్యాడు, ఇంక పంతులొచ్చి ఉతుకుతాడేమో’ అని ఒకటే నవ్వు.

పెద్ద సిస్టర్ని చెడ్డమనిషి అనుకునేవు, కాదు. బాలింతల జుట్టు తనే చిక్కు తీసి దువ్వేది. ఆవిడ వార్డులో నేల మీద అన్నం పెట్టుకుని తినచ్చు, అంత శుభ్రం. గుడ్డ తడిస్తే చాలు, ఆ క్షణమే తీసేసి పొడిది వెయ్యాలి, తడిది కిందకి పంపెయ్యాలి. ‘తన రక్తం తను చూసుకుంటే పిల్ల బెదిరిపోతుంది’ అనేది. నిజమేగా? తప్పెక్కడుంది అందులో? తప్పల్లా ఏంటంటే, ఏ గుడ్డకాగుడ్డ చూస్తే కొంచెమే. అన్నీ కలిపి చూసినవాడు పైన ఒక్కడూ లేడు. తక్కెడమ్మ, ‘పారెయ్యకండి, మంచం కింద తొట్లో వేసి ఉంచండి, తూచాకే పంపండి’ అంటే పెద్ద సిస్టరు, ‘నా వార్డులో మురికి గుడ్డల కొట్టు పెడతావా? నీ బడి కింద, నా వార్డు పైన’ అనేసింది. క్లాసుకొచ్చే నర్సులు పాపం, కింద ఒక మాట, పైన ఒక మాట, మింగలేరు కక్కలేరు. అలాగే ఐదు వారాలు అయిపోయాయి. తక్కెడమ్మ రోజూ బోర్డు మీద ఒక గీత కొట్టేసేది, ఇన్ని రోజులు పోయాయి అని.

ఐదో వారం దాటి రెండో రోజు. పొద్దున్న పది, పదింపావు. పైనుంచి గంటలో నాలుగు గుడ్డలు దిగాయి, ఒకే మంచం నంబరు చీటీతో. నాలుగూ కలిపి ఎత్తాను. పొడిగా ఎనిమిది వందలుండాల్సిన మూట, కిలో ఏడు వందలుంది. చెయ్యి అబద్ధం చెప్పదు. ఆ మూట పట్టుకుని మెట్లెక్కాను. నవ్వకు. మురికి బట్ట కిందకి రావడమే గానీ పైకెళ్ళడం ఆ ఆసుపత్రి పుట్టాక లేదు. ఎందుకెక్కానో తర్వాత చెప్తాను, మధ్యలో అడగకు. వార్డు గుమ్మంలో పెద్ద సిస్టరు నన్ను చూసి, ‘ఏమయ్యా, మతుండే వచ్చావా? దించు కిందకి!’ అని అరిచింది. ఆ మంచం మీది అమ్మాయి బాగానే ఉంది, పిల్లాడికి వేలు అందించి ఆడిస్తోంది. ఎలాగో, ‘అమ్మా, తొమ్మిది వందలు’ అన్నాను. ‘ఏంటి తొమ్మిది వందలు?’ అంది. మూట ఆవిడ చేతుల్లో పెట్టేశాను. ఇస్త్రీ మడత నలగని ఆ తెల్లబట్టల మీదే. ఆవిడ దాన్ని అలా పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. ఆ బరువు ఆవిడ ఎప్పుడూ ఎత్తి చూడలేదు కదా. మూట కింద పడేసి మంచం దగ్గరికి పరిగెత్తింది. పొత్తికడుపు మీద చెయ్యేస్తే గట్టిగా బంతిలా తగలాల్సింది, పిండిముద్దలా ఉందిట. బడికొచ్చే నర్సులిద్దరు అక్కడే ఉన్నారు. ఒకమ్మాయి పొట్ట నిమరడం, ఒకమ్మాయి సూది, సెలైను, ఎవరూ ఎవర్నీ అడగలేదు. తక్కెడమ్మ కూడా వచ్చింది. వచ్చి చెయ్యి వెయ్యలేదు తెలుసా? గోడకానుకుని గడియారం చూస్తూ నిలబడింది. పెదవి మాత్రం కొరుక్కుంటోంది. పదకొండు నిమిషాలకి రక్తం కట్టింది. ఆ అమ్మాయి ఏమీ తెలియనట్టు, ‘దాహమేస్తోంది’ అంది.

బడి నిలబడిపోయిందనుకున్నావు కదూ? నేనూ అలాగే అనుకున్నాను. ఆఖరి శనివారం పెద్ద డాక్టరు మా పక్క గదికి దిగొచ్చాడు. నర్సులు, పెద్ద సిస్టరు, అందరూ ఉన్నారు. నేను గుడ్డల బుట్టతో గుమ్మంలో. ఆయన మంచివాడే, నిదానంగా మాట్లాడేవాడు. ‘ఒక ప్రాణం నిలిచింది, కాదనను. కానీ ఒక్క కేసు పట్టుకుని ఏం చెప్తామమ్మా? మన దగ్గర రక్తం పోయి ఎవరూ పోలేదు. కిందటేడు పోయిన బాలింత ఒక్కతే, అదీ గుండె బలహీనత అని రిజిస్టర్లో ఉంది. లేని జబ్బుకి మందెందుకు?’ అన్నాడు. కిందటేడు తక్కెడమ్మ ఇక్కడ లేదాయె. తూచని లెక్క చెప్పే మనిషీ కాదు. డస్టరు తీసి బోర్డు తుడవడం మొదలుపెట్టింది.

గుండె బలహీనతట. ఆ బాలింత గుడ్డలు ఉతికింది నేనే తల్లీ. ఐదు గుడ్డలు, పొడిగా కిలో. మూట రెండు కిలోల నాలుగు వందలు. ఎత్తగానే తెలిసింది, ఇంత బరువు ఎప్పుడూ రాలేదే అని. మెట్ల దాకా వెళ్ళాను కూడా. మెట్ల దగ్గర ఆగిపోయాను. ఉతికేవాణ్ణి, పైకెళ్ళి ఎవరికి ఏం చెప్తాను, నవ్వుతారు, అనుకున్నాను. వెనక్కొచ్చి యంత్రంలో వేసేశాను. మధ్యాహ్నం ఆరో గుడ్డ రాలేదు, మొహం మీదుగా కప్పడానికి తెల్లదుప్పటి అడిగారు. ఏడాది పాటు మీ నానమ్మకి కూడా చెప్పలేదు. ఆ శనివారం బుట్ట కింద పెట్టి, ‘అయ్యా, ఆవిడకి పోయింది పద్నాలుగు వందలు. నాకు తెలుసు. చెప్పలేదు’ అన్నాను. పెద్ద సిస్టరు వంక చూడలేకపోయాను, అది ఆవిడ వార్డేగా. ఆవిడే అంది, మెల్లగా, ‘ఐదో గుడ్డ నేనే మార్చాను. తల దువ్వి వెళ్ళాను.’ పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు. ‘తాళం అక్కర్లేదు’ అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆరు వారాల బడిలో మొదటి బల్ల మీద ఎవరనుకున్నావు? పెద్ద సిస్టరే, తన కిందివాళ్ళ మధ్యలో, కొత్త నోటుబుక్కుతో.

తక్కెడమ్మ నన్నేమీ అనలేదు. నీ తప్పు లేదనలేదు. ఉందనీ అనలేదు. అందరూ వెళ్ళాక సుద్దముక్క నా చేతికిచ్చి, ‘అన్నా, ఆ అంకె మీరే రాయండి’ అంది. నాకు అక్షరాలు రావు, అంకెలొచ్చు. రాశాను. బోర్డు పైన, ఎడమ మూల. చెరిగితే మళ్ళీ దిద్దించేది, వేరెవరిచేతా కాదు, నాచేతే. పదకొండేళ్ళు నడిపింది బడి. ఎంతమంది నర్సులొచ్చారో, మొదటిరోజు ఆ అంకె చూపించే మొదలుపెట్టేది. ఎవరి అంకె అని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పోయిందని చాలా ఏళ్ళకి తెలిసింది, ఎవరో నర్సు చెబితే.

ఏంటీ? ఆ పోయిన బాలింత పసిబిడ్డా? ఆ రోజు పుట్టింది... ఆడపిల్లా, మగపిల్లాడా... నాకు తెలీదే. కిందకి గుడ్డలే కదా వచ్చేవి. అడగచ్చు. ఇన్నేళ్ళలో ఎవర్నన్నా అడగచ్చు...

పంపు వచ్చినట్టుంది చూడు. లే, వెళ్ళి బిందె పెట్టు, ముందు.