ఆదెప్పన్నకు పిలుపు

ఫోనన్నా ఎత్తకూడదా అన్నా? వారం నుంచీ సేస్తానే ఉండా. మోగతాది, ఆగిపోతాది. ఇంగ లాభం లేదని బస్సెక్కేస్తి. మదనపల్లె నుంచి కుప్పం అంటే పక్కూరా? పలమనేరులో దిగి ఇంకో బస్సు. నడుం ఇరిగిపోయిందంటే నమ్ము.

వసుధను అన్నా. యూనివర్సిటీలో నీ జూనియర్‌ని. మర్సిపోయినావా? ... లేదులే, గుర్తుండాది. మొగం సూస్తే తెలస్తాండాది.

ఆ ప్లాట్ల బొమ్మలు కుర్సీలో నుంచి తియ్యి, కూసుంటా. ఆఫీసు బాగుండాదన్నా. శాసనాలు సదివినోడు సైట్లు అమ్ముతాండాడని మావాళ్ళు నవ్వుతారు. నేను నవ్వనులే. ఇన్నేండ్లయినా గెస్ట్ లెక్చరర్‌గానే ఉండేదాన్ని, ఎవుర్ని సూసి నవ్వేది?

వచ్చిన పని సెప్తా. మా కాలేజీలో సదస్సు. మధ్యయుగం, ఆ తర్వాత పాళెగాళ్ళ కాలం, మన సీమ చరిత్ర. యాలంటావా? హిస్టరీలో పిలకాయలు సేరడంలేదు. అందురికీ కంప్యూటర్లే కావల్ల. మా ప్రిన్సిపాల్ ఏమన్న్యాడంటే, "పేరున్నోళ్ళను పిల్సి సదస్సు జరిపించమ్మా, పేపర్లో పడితే నీ డిపార్ట్‌మెంటు ఇంకో ఏడు నిలబెట్టను సూస్తా" అన్న్యాడు. అదీ కత.

పిలిస్తి. యాడ వస్తారన్నా? బెంగుళూరాయన ఏర్‌పోర్టు ఎంత దూరం అని అడిగినాడు. మదనపల్లెలో! తిరుపతామె ఆన్‌లైన్ అయితే మాట్లాడతానంటాది. ఇంకొకాయన ముందు సర్టిఫికెట్ పంపిస్తే మళ్ళ పేపర్ రాస్తాడంట. నవ్వుతాండావా? నాకు ఆ పొద్దు ఏడుపొచ్చిందన్నా.

అప్పుడు పోతి, పుంగనూరికి. భీమరావు సారింటికి.

లేస్తాండావు యాల? కూసో. సగంలో లేసి పోవద్దు. నాకు తెలీదా, నీ థీసిస్‌ను తిప్పి కొట్టింది ఆయనే. గుడుపల్లె దెగ్గిర రాతి మింద 'అంకమ్మకు మాన్యం' అని ఉంటే, అంకమ్మంటే దేవత అని సారు. కాదు సార్, కాలవ తవ్వేటప్పుడు మట్టి మోసిన మనిషి అని నువ్వు. "కూలిదానికి పాళెగాడు మాన్యమిస్తాడా?" అని అందురి ముందర ఎంత నవ్వె! నేనూ ఉంటి కదా ఆడ. నువ్వు సంచి తగిలించుకోని పోతివి. మళ్ళ రాలా.

సారుకు ఇప్పుడు కండ్లు కనపడవన్నా. కోడలు సుష్మ సెయ్యి పట్టుకోని వరండాలోకి తెచ్చి కూసోబెట్టింది. "సార్, సదస్సుకు మీరు రావల్ల" అంటి. అప్పుడు అడిగినాడు, "ఆదెప్ప వస్తాండాడా?" అని.

నిజ్జమన్నా. అబద్ధం సెప్పను ఇంత దూరం వస్తానా?

ఆ గుడుపల్లె రాతి పక్కనే ఇంకో రాయి దొరికిందంట. అందులో ఉండేది ఎవురో అచ్చేసి పంపిస్తే సుష్మ సదివి ఇనిపించిందంట. అంకమ్మ పోయినాక మాన్యాన్ని ఆమె బిడ్డలకు పాళ్ళు పంచినట్టు ఉండాది. "దేవత సచ్చిపోతాదా వసుధా, దేవత బిడ్డలు పాళ్ళు పంచుకుంటారా? వాడు సదివిందే సరి. వాణ్ణి స్టేజీ మింద కూసోబెట్టు. నేను తప్పు సదివితినని అందురి ముందర నా నోటితోనే సెప్తా" అన్న్యాడు. ఎంత పొగరు మనిషి ఆ మాటన్న్యాడన్నా!

ఫోను మోగతాండాది, ఎత్తుకో. సైటు గిరాకీ ఏమో... ఎత్తవా? సరే. రానని సెప్పేయ్. నేనేం బాధపడను. నీ కోపం నీకుంటాది, నాయమే. రానని ఒక్క మాట సెప్తే పోయి బస్సెక్కుతా.

బీరువా యాల తీస్తాండావు? ఆ కాగితాల సుట్ట ఏంది?

అయ్యో. అవే కదా! రాతి మింద తడికాగితం పరిసి, మసి అద్ది నువ్వు తీసిన అచ్చులు. కాల్సేసినావని సెప్పుకుంటిమే అందురూ. దాసిపెట్టుకోనుండావా?

ఆ సుట్ట ఇప్పొద్దన్నా. ఉండు. వస్తావా? నిజంగానే వస్తావా?

తేదీ... తేదీ రాసుకోవద్దులే. పెన్ను పక్కన పెట్టు.

ఎట్ల సెప్పేది నీకు. పలమనేరులో బస్సు మారతా ఉంటే ప్రిన్సిపాల్ మెసేజ్ వచ్చింది. సదస్సు లేదంట. హిస్టరీ ఎత్తేసినారు. నన్ను కూడా వచ్చే నెల నుంచి రావద్దనేసినారు.

ఒక పని సేద్దామా, సారింటికే పోదామా ఇద్దరం? వరండాలోనే సెప్తాడు... తల అడ్డంగా ఊపుతాండావు. అవులే. నలుగుర్లో పోయిన మాట నలుగుర్లోనే రావల్ల. ఆ నలుగుర్ని నేను యాడ నుంచి తెచ్చేది?

మరి మెసేజ్ సూసినాక యాల వస్తివి అని అడుగు. అడగన్నా, కండ్లతో అడిగేది కాదు, నోరు తెర్సి అడుగు.

నువ్వు రానంటావని వస్తి. తప్పకుండా రానంటావు అనుకుంటి. ఆ మాట మోసుకోని పోయి, "ఆదెప్ప రానన్న్యాడు సార్, అందుకే ఆపేసినాం" అని ఆయనకు సెప్పేద్దామని. నీ మింద తోసేస్తే నా గుండె మింద బరువు దిగిపోతాదని.

నువ్వు వస్తానంటావని నేను యాడ అనుకుంటినన్నా?