గోధుమరంగు ముక్కలు

హలో… ఆ, నేనే… నేనేనే, అక్కనే. గొంతు అలాగే ఉంటుంది మరి, నిద్రలేపావుగా. ఆదివారం మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామంటే…

లేదులే, లేచాగా. చెప్పు.

… ఏంటి మాడింది?

చెంచానా! … క్రేయాన్ ముక్క చెంచాలో వేసి తిన్నగా మంట మీద పెట్టావా? ఓసి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ముందు స్టవ్ కట్టెయ్… కట్టావా? కిటికీ తియ్యి. పొగ పోనీ.

ఊఁ… ఊఁ… ఎవరికి? పిల్ల నాటకానికా. స్కూల్లోనా… రాణి వేషం వేస్తోందా? బాగుంది.

సరే విను. గిన్నెలో నీళ్ళు కాగబెట్టు. ఆ నీళ్ళలో ఇంకో చిన్న గిన్నె. పాతది తీసుకో, మళ్ళీ వంటకి పనికిరాదది. అందులో తెల్ల కొవ్వొత్తి ముక్క, గోరంత. కొబ్బరినూనె రెండు మూడు చుక్కలు. అది కరిగాక క్రేయాన్ తురిమి వెయ్యి… తురమడమే! పెన్సిల్ చెక్కేదాంట్లో పెట్టి తిప్పితే పొట్టు రాలుతుంది చూడు, అలా. ఆఖర్న పౌడరు చల్లి కలిపి, డబ్బాలో పొయ్యి. గడ్డకడుతుంది. అంతే, ఇదేం బ్రహ్మవిద్య కాదు.

… క్రాఫ్టు టీచర్ని, నాకు క్రేయాన్లకి కరువా? క్లాసయ్యాక బల్లల కింద ఊడిస్తే దోసెడు ముక్కలు. ఎరుపూ నీలమూ పొట్టు కూడా మిగల్చరు వెధవలు. గోధుమరంగు మాత్రం ఎవ్వరూ ముట్టరు. చెట్టు మాను గీసేటప్పుడు తప్ప దాని ముఖం చూసేవాడు లేడు. నా అదృష్టం కొద్దీ…

… ఆ? గోధుమరంగు ఎంత, పసుపు ఎంత అంటున్నావా?

ఆగు. రాణికి గోధుమరంగు ఎందుకే? పెదాలకీ బుగ్గలకీ ఎరుపు చాలుగా. నువ్వడిగేది నా ముఖానికి నేను కలుపుకునేది.

…



… ఏయ్. ఏడుస్తున్నావా? … ఏమైందే? పిల్లకేమన్నా మచ్చ కనపడిందా? … కాదా. హమ్మయ్య, గుండె ఆగిపోయింది నాకు. మరి —

నీకా.

… ఎక్కడ? … కుడి చేతికి. మణికట్టు మీద. ఎంతుంది? … చొక్కా గుండీ అంతా? … వేసవిలో వస్తే ఇప్పుడా చెప్పడం! … నన్ను బాధపెట్టకూడదనా? ముఖం నిండా తెల్లమచ్చలు పెట్టుకుని తిరిగేదాన్ని, నా దగ్గర దాచావా నువ్వు?

సరే… సరేలే, తిట్టను. ముక్కు తుడుచుకో. తుడుచుకుని చెప్పు.

… ఊఁ. వాచీ నీ చేతికి పెట్టుకుని చూపిస్తుంటే… కొనడానికొచ్చినావిడ చెయ్యి వెనక్కి లాక్కుందా. అంటుకుంటుందని. ఊఁ… బొల్లి అంటుకోదే అని ఎంతమందికి చెప్పుకుంటాం? బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోకపోతే, మొదట్లో సంతోషించేదాన్ని నేను. సంచి పెట్టుకోవచ్చని.

… ఓనరు చూశాడా? ఏమన్నాడు?

… రేపట్నించి గోడౌన్లో పెట్టెలు సర్దాలా! చెయ్యి "బాగైతే"నే మళ్ళీ కౌంటరా? … బాగవడానికి దానికేం జ్వరమొచ్చిందా? ఇన్నేళ్ళు ఆ కౌంటరు వెనక నిలబడి నిలబడి నీ కాళ్ళు పీక్కుపోయినప్పుడు చూశాడా ఒక్కసారన్నా?

… తెలుసులే. నేను నీతో అన్నట్టు నువ్వు ఆయనతో అనలేవు. నేనూ అనలేను.

అంటే రేపు షాపు తెరిచేసరికి కావాలి నీకు.

… మచ్చ కప్పే క్రీము అడిగావా దుకాణంలో? … ఆ, అవన్నీ పాలమీగడ రంగులే. మనలాంటి వాళ్ళ రంగొకటి ఉందని వాళ్ళకి తట్టదు.

చూడు, చెబుతున్నా విను. ఇది రాసుకోవడం హాయేం కాదు. దురద. మధ్యాహ్నానికి చెమటకి గీతలు గీతలుగా జారుతుంది. డాక్టరమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. కాగితం మీద గీసుకునే మైనం చర్మానికి పూస్తావేంటి అని… విన్నానా? పొద్దున లేస్తే అద్దం ముందు కూర్చోవడం. సాయంత్రం వచ్చి నూనె పెట్టి తుడవడం. తుడిచిన గుడ్డలు ఉతకడం. మీ బావ పాపం ఒక్క మాటనరు. తన దిండు మాత్రం ఆ చివరికి జరుపుకున్నారు, గలీబుకి మరకలని… నవ్వు, నవ్వు. నవ్వితే నాకూ బాగుంటుంది.

విసుగొచ్చిందే. నిజంగా విసుగొచ్చింది.

… కొలతలా? కొలతలు చెబితే రాదు. ట్యూబులైటు కింద కుదిరినట్టే ఉంటుంది, వీధిలోకొస్తే బూడిద పూసుకున్నట్టుంటుంది. ఎండలో కూర్చుని, పక్కన పెట్టి చూసుకుంటూ కలపాలి. నేను బాల్కనీలో కలుపుతా.

… దేని పక్కన పెట్టి అంటావా?

నా ముఖం పక్కన అనుకుంటున్నావా? నా ముఖంలో నా రంగు ఎక్కడుందే ఇంకా? నుదుటి మీద కాస్త మిగిలితే, మొన్న చలికాలం అదీ పోయింది. మెడా, చేతులూ అంతే. చీర కొంగు కప్పుకుని తిరుగుతున్నా.

నీ చెయ్యి చూసి కలుపుతా.

… అవునే. నువ్వొచ్చినప్పుడల్లా బాల్కనీలోకి లాక్కెళ్ళి, ఎండలో కూర్చోబెట్టి, నీ చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పించేదాన్ని కదా… ప్రేమేలే! ప్రేమ కాదని ఎవరన్నారు? ప్రేమతో పాటు ఒళ్ళో డబ్బా కూడా ఉండేది. నువ్వు మీ అత్తగారి మీద నేరాలు చెప్పుకుంటూ పోయేదానివి, నేను కలుపుకుంటూ పోయేదాన్ని. చిన్నప్పుడు మనిద్దరిదీ ఒకే ఛాయ కదా. అమ్మ ఒకే తానులో గుడ్డ కోయించేది, ఇద్దరికీ ఒకటే నప్పుతుందని.

… ఏమని చెప్పమంటావు? ఇవాళ నీ రంగు వేసుకుని బడికెళ్ళొచ్చానే అని చెప్పనా? సిగ్గేసింది.

అబ్బా, మళ్ళీ మొదలెట్టకు. విను. నువ్వేం కలపక్కర్లేదు. ఆ చెంచా పారేసెయ్. నా డబ్బాలో ఉన్నది నీ రంగే. సాయంత్రం మీ బావ అటే వస్తారు, ఇచ్చి పంపిస్తా.

… సగం పంచుకోవడానికి అదేం లడ్డూనా? అడుగున కాస్తే ఉంది. నీ మణికట్టుకి వారం వస్తుంది, నా ముఖానికి ఒక్క పూట. పలచగా రాయి. ఈ వారంలో డాక్టరమ్మకి చూపిద్దాం, నేనూ వస్తా. ఆ తర్వాత కూడా దాచుకుంటావో, ఏం చేస్తావో, నీ ఇష్టం.

… ఎడమ చెయ్యి ఉందా? … దాన్ని చూసి కలుపుకోమంటావా… వద్దులే తల్లీ. అది నీ దగ్గర ఉండనీ.

నేనా? … రేపు ముఖం కడుక్కుని వెళ్తా.

… కడుక్కునే. ఉత్త ముఖంతో.

… పిల్లలు అడగరా మరి, అడుగుతారు. వెనక బెంచీలో ఒకడున్నాడు, అందరికంటే ముందు వాడే అరుస్తాడు. చెబుతా. విని ఏం చేస్తారు? రంగుపెట్టెలు తీయమంటే తీస్తారు… హెడ్మిస్ట్రెస్సా? ఆవిడకి నా కంటే ఫీజుల మీదే ధ్యాస.

… ధైర్యమా! ధైర్యం లేదు, పాడూ లేదు. భయంగానే ఉంది. కానీ ఆ అద్దం ముందు కూర్చునే ఓపిక లేదే నాకు. అయిపోయింది.

…

ఏంటీ? … లేదు. నువ్వు చూడలేదు. ఒక్కసారీ చూడలేదు… నువ్వొస్తున్నావంటే ముందే పూసుకుని కూర్చునేదాన్ని. ఇలా మొత్తం తెల్లబడ్డాక మీ బావా, డాక్టరమ్మా తప్ప ఎవరూ చూడలేదు.

… ఇప్పుడా? వీడియోలోనా? … వద్దే… జుట్టు కూడా దువ్వుకోలేదు…

… ఊఁ.

సరే. ముందు నీ మణికట్టు చూపించు. తర్వాత నేను… నువ్వు చేస్తావా? వద్దు, నేనే చేస్తా. ఈ కర్టెన్ కాస్త పక్కకి జరిపి చేస్తా, వెలుగు చాలదు.

ఎత్తగానే ఏమీ అనకు. కాసేపు ఊరికే చూడు, చాలు.

… పెట్టేస్తున్నా.