నా స్కేలు ఎంత తగ్గించినవ్?

ఏందయ్యా, మళ్ల ఆ వైర్లు చుట్టుకుంట కూసున్నవ్? ఆ డబ్బా అవతల పెట్టి ఇటు చూడు. మేబెల్ ఆంటీ ఇంటికాడి నుంచి వస్తున్న. ఏమన్నదని అడుగవా? అడుగవ్. ఎందుకడుగుతవ్!

ఆదివారం మన కరావోకే క్లబ్బు ఫంక్షన్‌ల అమెరికా నల్లజాతోళ్లు పాడే ఇంగ్లీషు సోల్ పాట పాడుతా అంటే నువ్వు గంత పరేషాన్ ఎందుకైనవో ఇయ్యాల సమజైంది. "అది నీ గొంతుకు సూట్ కాదు వసుధా, ఎప్పటిదే పాడు" అంటివి. పాట వినకముందే అంటివి! నేనేమో మొగుడు నా మంచికే చెప్తుండనుకున్న.

సూటైతదో కాదో తెల్సినోళ్లనే అడుగుదామని రెజిమెంటల్ బజారుకు పోయిన. ఆంటీ చర్చిల పియానో వాయిస్తదిగదా. "ముందు నీకు బాగొచ్చిన పాట పాడు, నీ గొంతు ఏడుంటదో చూస్త" అన్నది. నేను దర్జాగ గొంతు సవరించుకోని, పోయిన నెల అందరు లేచి చప్పట్లు కొట్టిన పాటే ఎత్తుకున్న. ఆమె అసలు స్కేలుల, అంటే సినిమాల ఉన్న శ్రుతిల వాయించింది.

చరణం కాడ గొంతు లేవలే. లేవనే లేవలే! గాలి వచ్చింది, పాట రాలే. సిగ్గుతోని సచ్చిపోయిన.

"సరే, పియానో వద్దు. స్టేజి మీద ఎట్ల పాడినవో అట్లనే పాడు" అన్నది. పాడిన. ఆమె నా గొంతుకు కలిసే పియానో మెట్టు ఎతుక్కుంట కిందికి పోయింది, ఇంకా కిందికి పోయింది. అప్పుడన్నది, "నీ పాట ఎనుక మోగే ట్రాక్ స్కేలు ఎవరో తగ్గిస్తున్నరమ్మా" అని.

ఎవరో అట! సౌండ్ మిక్సర్ కాడ కూసోని ట్రాక్ పెట్టేది ఎవరు? ఎప్పటి పాటకైతే ఎంత దించాల్నో నీకెరికె, కొత్త పాటతోని దొరికిపోతవని గందుకే వద్దంటివి!

నువ్వు పాటంటే ఆమడ దూరం పోయేటోనివి. నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయ్యి, మళ్ల క్లబ్బుకు పోవుడు షురూ చేసిన్నాడే సత్యదేవ్‌ను లేపి ఆ కుర్సీల కూసున్నవ్. నాకు అప్పుడే డౌట్ కొట్టింది. క్లబ్బుల పాడే ఆ సింధూర కోసం అనుకున్న. నవ్వకు! ఆమె పాడేటప్పుడు నీ కండ్లనే చూసుకుంట కూసున్న. నువ్వు కునుకుతుంటివి. నేను మైకు పట్టుకుంటేనే నీ చెయ్యి ఆ బటన్ మీదికి పోతుండె. నా కోసం సౌండ్ పెంచుతుండనుకుని మురిసిపోయిన, పిచ్చిదాన్ని.

ఎంత తగ్గించినవ్? చెప్పు. ఎన్ని మెట్లు దించినవో వేళ్లతోని చూపెట్టు. ఒకటి... రెండు... అయ్యో, ఇంకా లేపుతున్నవేందయ్యా!

మరి ఆ చప్పట్లు నాకా, నీ బటన్‌కా? క్లబ్బుల అందరికి ఎరికేనా? అమ్మిరాజుగారు "అద్భుతమండీ వసుధగారూ" అన్నప్పుడల్లా మీరు మీరు చూసుకోని నవ్వుకున్నరా? లేదా? ఒట్టు పెట్టకు. నీ ఒట్లు నాకొద్దు.

ఆ సోల్ పాట సుత పాడిపిచ్చింది ఆంటీ. దినమంతా పనిచేసి ఇంటికొచ్చిన ఆడామె, ఖాళీ కుర్సీ ముంగట కూసోని పాడుకునే పాట. కిందికిందనే తిరుగుతది, పైకి పోదు. "నీ బొంగురే దీనికి కావాలె, నున్నటి గొంతుతోని పాడితే ఉత్తదైతది" అన్నది. నిజమో, నా మొఖం చూసి జాలిపడి అన్నదో. ఇంట్ల మొగుడే గిట్ల చేస్తే బయటోళ్లను ఎట్ల నమ్మాలె?

అందుకే నువ్వే వినాలె. ట్రాక్ లేదు, ఎకో లేదు. ఫ్యాన్ బంద్ చెయ్యి. ఆ వైరు ఇడిసిపెట్టు ముందుగాల. పాడుతున్న, విను.

...

ఏందీ? కండ్లెందుకు తుడుచుకుంటున్నవ్? బాగలేకనా? బాగుండా? నీ ఏడుపు మీద సుత నాకు డౌటే ఇప్పుడు.

జెర ఇటు జరుగు. ఒక్క మాట చెప్తా. ఆపరేషన్ అయినంక నేను ఇంట్ల పాడుడు ఎన్నడన్న విన్నవా? వంటింట్ల కూనిరాగం సుత తీయలే. ఎందుకనుకున్నవ్? బాత్రూంల తలుపేసుకోని పాడి చూసుకున్న, పాత గొంతు లేదు. నీ ముంగట పాడితే నీకు తెల్సిపోతదని నోరు మూసుకున్న. స్టేజి మీద మాత్రం ఎట్లనో వస్తుండె. ఎట్లొస్తుందని ఎవ్వలను అడుగలే. అడుగాలంటే భయమైంది నాకు.

ఆదివారం ఇదే పాడుతా, అసలు స్కేలులనే. గొంతు పగిలితే పగులనీ.

మిక్సర్ కాడ సత్యదేవ్ కూసుంటడు. నువ్వు ముందు లైన్ల కూసో. నీ మీద నమ్మకం లేదు నాకు, రెండు చేతులు ఒళ్లె పెట్టుకో. పాడినంతసేపు నాకు కనబడాలె.